వాడనిదీ చచ్చిపోయిందీ ఒకటి కాదు



మనలో కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లు డెడ్ కోడ్ అనే మాట వినే ఉంటారు. ప్రోగ్రాం ఏ దారిలో నడిచినా చేరుకోని కోడ్ అది. ఎప్పుడో రాశారు, అవసరం తీరింది, తీసేయడం మర్చిపోయారు. పైథాన్ లాంటి పెద్ద లాంగ్వేజ్ సోర్సులో కూడా ఇలాంటివి పేరుకుంటాయి.

అలాంటిది తీసేయాల్సిందే, నాకు అభ్యంతరం లేదు. మనం రాసిన ప్రోగ్రాంని చదివి అర్థం చేసుకునే భాగాన్ని పార్సర్ అంటారు. పైథాన్ 3.9లో కొత్త పార్సర్ వచ్చింది. ఆ ఒక్క వెర్షన్ వరకు పాతది కూడా ఉంచి, 3.10లో తీసేశారు. మంచి పనే. ఉంచితే చదివేవాళ్లకి తికమక తప్ప లాభం లేదు.

కానీ తక్కువమంది వాడేదాన్ని కూడా ఇదే లెక్కలో వేస్తేనే తప్పు. పైథాన్‌తో పాటు వచ్చే 19 పాత మాడ్యూల్స్‌ని 2024లో 3.13 వెర్షన్ నుంచి తీసేశారు. అవి పని చేస్తున్నవే. వాడేవాళ్లు తగ్గారు, చూసుకునేవాళ్లు కరువయ్యారు. అయినా చెప్పకుండా తీయలేదు. కారణాలు రాసి పెట్టి, 2022లో 3.11 నుంచే హెచ్చరిక ఇచ్చారు.

ఇదంతా మనకెందుకు అంటారా? ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్ 11లో చేరింది. అదే ఏడాది వచ్చిన పైథాన్ 3.7 ఆ పట్టికని తీసుకుంది. ఇప్పుడు "౨౫" అని తెలుగు అంకెలు ఇస్తే పైథాన్ 25 అని ఎట్లా లెక్కేస్తుందో, గుంజాల గోండి అంకెలు ఇచ్చినా అట్లాగే లెక్కేస్తుంది. ప్రపంచంలో ఎవరు పైథాన్ వేసుకున్నా గుంజాల లిపి అందులో ఉంటుంది. వాళ్లలో ఎంతమంది దాన్ని వాడతారు? బహుశా చాలా తక్కువ. అంతమాత్రాన అది చెత్తా? కాదు. పిలిస్తే పలుకుతుంది.

టెస్టులు నడిపినప్పుడు ఏ లైన్లు నడిచాయో చూపించే టూల్స్ ఉన్నాయి. నడవని లైన్ ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపుకి అర్థం ఆ లైన్ చచ్చిందని కాదు, దాన్ని ఎవరూ పరీక్షించలేదని మాత్రమే. చచ్చిందో లేదో తర్వాత మనిషే చూసి చెప్పాలి.

మన భాషల గురించి "ఎవరు మాట్లాడుతున్నారు, ఏం పనికొస్తుంది" అనేవాళ్లు ఈ రెండో పని చెయ్యరు. ఎరుపు చూసి కొట్టేస్తారు. రాంనగర్ వచ్చాక హాస్టల్ రూముల్లో మనవాళ్లే మనవాళ్లతో తెలుగులో మాట్లాడుకోవడం రోజూ చూస్తున్నా. భాష బతికే ఉంది, మనమే పిలవట్లేదు.

అందుకే చెప్తున్నా, ఉన్నదాన్ని వాడండి. నోటో వాళ్ల గుంజాల గోండి ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. దించుకుని మీ ఊరి పేరు టైప్ చేయండి. కాలేజీ ప్రాజెక్టు ఏం చేయాలా అని చూస్తున్నవాళ్లు గోండి అంకెలతో చిన్న లెక్కల యాప్ చేయండి. లిపి లేని భాషల వాళ్లు తెలుగు లిపిలోనే మీ పదాల జాబితా మొదలుపెట్టండి. ఎవరూ చూసుకోని మాడ్యూల్స్‌కి ఏమైందో పైన రాశాను. మన భాషకి హెచ్చరిక నోటీసు కూడా ఎవరూ ఇవ్వరు.

జై సేవా.