అమ్మమ్మ పేరు అక్కర్లేదు, హీరోగారి పాప పేరు కావాలి

పోయిన నెల మా తమ్ముడికి పాప పుట్టింది. మూడో రోజుకల్లా "పాప పేరు" అని వాట్సాప్‌లో ఒక గ్రూపు తెరిచారు. మా మరదలి అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిన్నులు, మా పెదనాన్నగారి పిల్లలు, నేను, అందరం అందులోనే. వారం తిరక్కుండా అరవై పేర్లు వచ్చి పడ్డాయి. ఆరాధ్య, అర్హ, సితార, వామిక, రాహా, ఆద్య... చాలా పేర్ల పక్కన అర్థం లేదు. దాని బదులు "మహేష్ వాళ్ళ పాప", "కోహ్లీ కూతురు", "ఆలియా పాప" అని రాశారు. అదే ఆ పేరుకి అర్థం అన్నట్టు.

అన్నీ చదివాక నేనూ ఒక పేరు రాశాను. సత్యవతి. మా అమ్మ పేరు. అమ్మ పోయి రెండేళ్ళయింది.

చాలాసేపు గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత ఒక పిన్నిగారు దణ్ణం బొమ్మ పెట్టారు. ఆ రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, మరీ సత్యవతి ఏంటి? స్కూల్లో ఏడిపిస్తారు. అయినా నువ్వు మాత్రం బొమ్మరిల్లు చూసి హాసిని అని పెట్టుకోలేదా?"

నిజమే. పెట్టుకున్నాను. 2006లో బొమ్మరిల్లు వచ్చినప్పుడు నేను కడుపుతో ఉన్నాను. ఆ సినిమా మూడుసార్లు చూశాను. పుట్టేది ఆడపిల్లైతే హాసినే అని అప్పుడే అనేసుకున్నాను. అప్పుడు మా అత్తగారు ఒక్క మాట అడిగారు. "అమ్మాయ్, మా అమ్మ పేరు తాయారమ్మ. పిలవడానికి మీ ఇష్టం వచ్చినట్టు పిలుచుకోండి. వెనకాల తాయారు అని ఒక మాట కలుపుతారా?" అని. నేను నవ్వేశాను. "హాసిని తాయారు ఏం బావుంటుందండీ" అన్నాను. ఆవిడ మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు ఆవిడా లేరు. మా అమ్మాయి క్లాసులో మాత్రం ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు హాసినిలు ఉండేవాళ్ళు. మా పిల్ల పదేళ్ళపాటు "హాసిని కె" గానే బతికింది. ప్రత్యేకంగా ఉండాలని పెట్టిన పేరుకి చివరికి ఒక ఇంగ్లీషు అక్షరం తోక తగిలించాల్సి వచ్చింది.

కాబట్టి ఇది ఒడ్డున నిలబడి చెప్తున్న నీతి కాదు. నేనూ ఆ నీళ్ళలో దిగిన దాన్నే. అందుకే గట్టిగా చెప్తాను. మనం చేస్తున్నది తప్పు.

సినిమా పేర్లు పెట్టుకోవడం నిన్న మొన్న పుట్టిన అలవాటు కాదు. మా నాన్నగారి తరంలో గాంధీ, బోసు, నెహ్రూ అని పిల్లలకి పేర్లు పెట్టుకున్నారు. యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ" చదివి రాజశేఖరం మీద మనసు పారేసుకున్న ఆడవాళ్ళు తర్వాత కొడుకుల్ని రాజశేఖర్ అని పిలుచుకున్నారు. నా క్లాసులో ముగ్గురు శ్రీదేవిలు. అయితే ఆ ముగ్గురి పేర్లూ రిజిస్టర్లో ఎలా ఉండేవో నాకు ఇంకా గుర్తు. వెంకట శ్రీదేవి, నాగ శ్రీదేవి, సుబ్బలక్ష్మీ శ్రీదేవి. ముందున్న మాట ఇంటి దేవుడిదో, నాయనమ్మదో. వెనకున్నది సినిమాది. అంటే సినిమా ఇంట్లోకి వచ్చింది కానీ, నాయనమ్మని బయటికి పంపి రాలేదు. ఇద్దరూ సర్దుకున్నారు.

ఇప్పుడు ఆ సర్దుబాటు లేదు. పేరు ఒక్కటే ఉండాలట, పొట్టిగా ఉండాలట, ఇంకెవరికీ ఉండకూడదట. ఎవరికీ ఉండకూడదని దేశమంతా చూసే ఇంట్లో పిల్ల పేరే తెచ్చి పెట్టుకుంటున్నాం! ఇంతకంటే విడ్డూరం ఉందా?

పోనీ, మనం అంత మోజుపడే ఆ వాళ్ళు ఏం చేస్తున్నారో ఒకసారి చూడండి.

అల్లు అర్జున్, స్నేహ తమ పాపకి అర్హ అని పెట్టుకున్నారు. అర్జున్‌లో "అర్", స్నేహలో "హ". అమ్మానాన్నల పేర్లు కలిపి కట్టుకున్న పేరు అది. ముచ్చటగా ఉంది. మరి మీ ఆయన శ్రీనివాసు, మీరు పద్మ అయినప్పుడు మీ ఇంట్లో అర్హ ఎక్కణ్ణించి వచ్చింది? మహేష్‌బాబు కొడుకు గౌతమ్ కృష్ణ. ఆ వెనకున్న కృష్ణ ఎవరో చెప్పక్కర్లేదు కదా, తాతగారు. ఎన్టీ రామారావుగారి కొడుకుల పేర్లు చూడండి. హరికృష్ణ, బాలకృష్ణ, రామకృష్ణ, అన్నీ కృష్ణలే. నలుగురు కూతుళ్ళు లోకేశ్వరి, పురందేశ్వరి, భువనేశ్వరి, ఉమామహేశ్వరి. మనవల్లో ఒకరికి తాతగారి పేరు ఉన్నది ఉన్నట్టు తారక రామారావు. ఆ మనవడి కొడుకులు అభయ్ రామ్, భార్గవ్ రామ్. మూడు తరాలు దాటినా రాముడు ఆ ఇల్లు వదల్లేదు.

2023లో రామ్‌చరణ్, ఉపాసనల పాపకి క్లీంకార అని పెట్టినప్పుడు చాలామంది నోరు తిరగట్లేదని నవ్వారు. అది లలితా సహస్రనామం నుంచి తీసుకున్నామని చిరంజీవిగారే చెప్పారు. మా నాయనమ్మ ప్రతి శుక్రవారం ఆ సహస్రనామం చదివేది. మన ఇళ్ళల్లో దేవుడి గూట్లో ఆ పుస్తకం నలభై, యాభై ఏళ్ళుగా పసుపు మరకలతో పడి ఉంది. అందులో సుముఖి ఉంది, నళిని ఉంది, శోభన, మాలిని, హంసిని ఉన్నారు. వెయ్యి పేర్లు ఇంట్లో పెట్టుకుని మనం ఫోన్లో "బేబీ నేమ్స్" అని వెతుకుతున్నాం.

చూశారా, ఆ ఇళ్ళవాళ్ళు తమ ఇంట్లో వెతుక్కున్నారు. మనం వాళ్ళ ఇంట్లో వెతుక్కుంటున్నాం.

ఇంకో సంగతి. వెండితెర మీది పేర్లలో చాలావాటిని వాళ్ళ అమ్మలు పెట్టలేదు. జయప్రద అసలు పేరు లలితారాణి. జయసుధ అసలు పేరు సుజాత. చిరంజీవి శివశంకర వరప్రసాద్. సినిమా పేరు దుకాణం మీద బోర్డులాంటిది, వ్యాపారానికి పెట్టుకున్నది. వాళ్ళలో తప్పేం లేదు. ఆ బోర్డు విప్పుకొచ్చి మన గుమ్మానికి తగిలించుకుంటేనే తప్పు.

నేను బీఏలో తెలుగు చదివాను. ఆ పాపానికి మా బంధువుల్లో ఎవరికి పిల్లలు పుట్టినా "ఈ పేరుకి అర్థం ఏంటండీ" అని నాకే పంపుతారు. ఆరాధ్య మంచి మాటే. పూజించదగినది అని అర్థం. కానీ ఆ మాట మనకి ఐశ్వర్యారాయ్ ఇంటి నుంచి రాలేదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర రాశాడు. మన బాలుగారి ఇంటిపేరు శ్రీపతి పండితారాధ్యుల. ఇంట్లో ఉన్న మాటని కూడా ముంబై తిరిగొస్తే తప్ప మనం గుర్తుపట్టలేదు. ఇక రియాన్ష్ లాంటివి వస్తాయి. అంశ అంటే భాగం, సరే. ముందున్న "రి" ఏమిటి? శబ్దరత్నాకరం తిరగేసినా దొరకదు. "విష్ణువులో భాగం అని నెట్లో ఉందండీ" అంటారు. నెట్లో ఉంటుంది, నిఘంటువులో ఉండదు.

అర్థం లేకపోతే కొంపలు మునుగుతాయా అని మీరు అడగొచ్చు. మునగవు. నా అసలు బాధ అర్థం గురించి కాదు.

మగవాడికి ఇంటిపేరు ఉంది. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి అడక్కుండానే వెళ్ళిపోతుంది. ఆడదానికి ఏముంది? పుట్టింటి పేరు పెళ్ళితో పోతుంది. పొలం పట్టాలో ఆవిడ ఉండదు, గుమ్మం మీద పలకలో ఉండదు. మనవరాలికి తన పేరు పెడితే అదొక్కటే ఆవిడ వెనక మిగిలేది. బసవతారకంగారి పేరు హైదరాబాదులో క్యాన్సర్ ఆసుపత్రికి పెట్టారు కాబట్టి రోజూ వేలమంది పలుకుతున్నారు. తాయారమ్మకి ఆసుపత్రి ఎవరు కడతారు? ఆవిడకి ఉన్నది ఒక్క మునిమనవరాలు. ఆ పేరు నేను నవ్వి కొట్టేశాను.

మీ అమ్మమ్మ వాళ్ళ అమ్మ పేరు ఏంటి? ఇప్పుడు, ఎవర్నీ అడక్కుండా చెప్పండి. నాకు తెలియదు. మా ముత్తాత పేరు మాత్రం తెలుసు, ఇంకా పైన ఇద్దరి పేర్లు కూడా తెలుసు. తద్దినాల్లో వినీ వినీ వచ్చేశాయి.

పాత పేర్లన్నీ బంగారం అని నేను అనను. పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాత పుట్టిన వాళ్ళకి పెంటయ్య, పుల్లమ్మ అని పెట్టేవారు. ఆ పేర్ల వెనక ఒక తల్లి ఏడుపు ఉంది. కానీ ఇవాళ్టి పిల్లని ఆ పేరుతో బడికి పంపమని నేను చెప్పను. ఏడిపిస్తారన్న భయం కూడా నిజమే. కానీ పేరు ఉన్నది ఉన్నట్టు దించాలని ఎవరన్నారు? సుబ్బలక్ష్మిలో లక్ష్మి ఉంది. వెంకట రమణమ్మలో రమణ ఉంది. అన్నపూర్ణమ్మలో పూర్ణ ఉంది. తాయారు అంటే అమ్మవారే, శ్రీ అని పెట్టుకున్నా ఆవిడే. ఒక మాట తీసుకోండి, లేదా రెండో పేరుగా ఉంచండి. పిలిచే పేరు సితార కానీయండి. సర్టిఫికెట్లో సితార సత్యవతి అని ఉంటే ఆ పిల్ల ఎప్పటికైనా "ఈ సత్యవతి ఎవరమ్మా?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న చాలు.

ఆసుపత్రి నుంచి వచ్చేలోపే పేరు ఇచ్చెయ్యాలని కంగారు కూడా పడక్కర్లేదు. పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించి, ఏడాదిలోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ళ వరకు కొద్దిపాటి ఫీజుతో చేరుస్తారు.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. వాడు ఫోన్ స్పీకర్లో పెట్టినట్టున్నాడు. మధ్యలో మరదలు అందుకుంది.

"వదినా, మీరు చెప్పింది బానే ఉంది. మరి మీ అమ్మగారి పేరే ఎందుకు? మా అమ్మమ్మ పేరు ఎందుకు కాదు? నన్ను పెంచింది ఆవిడే."

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆడవాళ్ళ పేర్లు మిగలాలని గంటసేపు మాట్లాడిన దాన్ని, నా కళ్ళకి కనిపించింది తండ్రి వైపు ఆడది మాత్రమే. మొదటి ఆడపిల్లకి నాయనమ్మ పేరే పెట్టాలన్న పద్ధతి కూడా మగవాడి ఇంటి నుంచి వచ్చిందే కదా. "నువ్వన్నదే సబబు అమ్మా" అన్నాను.

మొన్న ఇరవై ఒకటో రోజు బారసాల చేశారు. పళ్ళెంలో బియ్యం పోసి తమ్ముడు ఉంగరంతో రాశాడు. రత్న. మా మరదలి అమ్మమ్మ పేరు నాగరత్నం. తొంభైకి దగ్గర పడిన ఆ పెద్దావిడని కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. పాప చెవిలో ఆవిడ చేతనే చెప్పించారు. తన పేరు తనే ఇంకొకరి చెవిలో చెప్పడం ఆవిడకి ఎలా ఉందో నేను రాయలేను.

మా అమ్మ పేరు పెట్టలేదు. ఆ వెలితి నాకు ఉంది, లేదని బుకాయించను. కానీ ఆ ఇంట్లో ఒక ఆడదాని పేరు ఇంకో తరం బతుకుతుంది. నేను మా అత్తగారికి ఆ మాత్రం కూడా చెయ్యలేదు.

మీ ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే నాదొక్కటే మాట. ఫోన్లో వెతికే ముందు మీ అమ్మని, మీ అత్తగారిని కూర్చోబెట్టి వాళ్ళ అమ్మల పేర్లు, అమ్మమ్మల పేర్లు అడగండి. ఒక కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత కూడా హీరోగారి పాప పేరే నచ్చితే పెట్టుకోండి, నేను కాదనను. కాగితం మాత్రం పారెయ్యకండి.