ఆకుమచ్చల బట్టలు

సైనికుడు శత్రువు కంటబడకుండుటకై చెట్టుచేమల రంగులద్దిన వస్త్రము ధరించును. 1915లో ఫ్రెంచి సైన్యము ఈ విద్యకై ప్రత్యేకశాఖనే నెలకొల్పెను. మన సైన్యమును 2022 జనవరి 15వ తేదీన ఇట్టి నూతనవేషమును ప్రదర్శించినది. దేశరక్షణకు ఇది వలసినదే. కాని, ఆ తీరు బట్టలే మన పట్టణముల అంగళ్లలో ఎల్లరకును అమ్ముడగుట క్షేమకరమని మేము తలంపజాలము.

1967 మొదలు శ్రీకాకుళపు మన్యము సాయుధపోరాటమును, పోలీసుల గాలింపులను చవిచూచినది. అట్టి అడవిలో పొదలమాటున కదలు మనిషి యెవ్వడో క్షణములో నిర్ణయింపవలసివచ్చినపుడు, కట్టెలకు బోయిన కూలివానికి ఆ చొక్కాయే ప్రాణాంతకము కావచ్చును. 2016 జనవరిలో పఠాన్‌కోట్ విమానస్థావరముపై బడిన ముష్కరులు సైనికవేషముననే వచ్చిరి. ప్రజలు అట్టి దుస్తులు ధరింపవలదనియు, వర్తకులు అమ్మవలదనియు సైన్యము ఆ నెలలోనే కోరినది.

సైనికుడనని నమ్మించు తలంపుతో అట్టి వేషము ధరించుటను భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షను నేరముగా నెంచుచున్నది. చట్టము తలంపును విచారించును, తుపాకిగుండు విచారింపదు.

చౌకయు గట్టియునని కొన్న బీదవానిని నిందించుట న్యాయము కాదు. జిల్లాధికారులు వర్తకులను బిలిచి హెచ్చరింపవలెను. మన్యపు సంతలలో దండోరా వేయింపవలెను. వర్తకసంఘములు తమంత తామే ఈ సరకు మానుట మరింత మర్యాద. సంక్రాంతికి కంబారులకు బట్టలు పెట్టు రైతులును సాదాబట్టయే కొని యిత్తురుగాక.