తప్పు లిపిది కాదు, పట్టాలది

"టెర్మినల్‌లో తెలుగు పెట్టకండి. అక్షరాలు చెదురుతాయి, మెషిన్ నెమ్మదిస్తుంది. ఆ నల్ల తెర ఇంగ్లీషు కోసం పుట్టింది." కంప్యూటర్ పనిలో ఆరితేరిన తెలుగువాళ్ల నోటే ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. చెప్పేవాళ్లకు దురుద్దేశం లేదు. కానీ మాట తప్పు. జబ్బు ఒకచోట ఉంటే మందు మరోచోట పూసే సలహా ఇది. ఏ పాపం ఎరగని లిపిని దోషిగా నిలబెడుతున్న సలహా.

నేనుండేది సికింద్రాబాద్ లాలాగూడలో. 1893లో నిజాం రైల్వే పెట్టిన క్యారేజ్ వర్క్‌షాపు చుట్టూ పెరిగిన పేట మాది. కోచ్‌లో లోపం కనబడితే ఏం చేస్తారో ఇక్కడ ఏ రైల్వే ఇంట్లో అడిగినా చెబుతారు. దాన్ని సిక్ మార్క్ చేస్తారు. లోపం ఏమిటో రాస్తారు. ఆ భాగాన్ని విప్పి బాగుచేస్తారు. ఒక్క చక్రం వేడెక్కిందని బోగీ మొత్తాన్ని తుక్కుకు వెయ్యరు.

మా వీధి కుర్రాడొకడు పనిచేసే ఆఫీసులో మాత్రం అదే జరిగింది. కొత్త సర్వర్‌లోకి లాగిన్ అయి చూస్తే, తెలుగు పేర్లున్న ఫైళ్లన్నీ 340, 260, 262 అంటూ అంకెల గొలుసుల్లా కనిపించాయి. ఫైళ్లు కరప్ట్ అయ్యాయని పైవాళ్లు తేల్చేశారు. పేర్లన్నీ ఇంగ్లీషులోకి మార్పించారు. అతను నాకు చెప్పేసరికే అంతా అయిపోయింది. నిజానికి వాటిలో ఒక్క అక్షరమూ చెడలేదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ప్రతిదీ 3 బైట్లు. ఆక్టల్ అంకెల్లో చూస్తే మొదటి బైటు ఎప్పుడూ 340, రెండోది 260 కానీ 261 కానీ. అంటే ఆ అంకెల వరుసే అక్షరాలు క్షేమంగా ఉన్నాయనడానికి సాక్ష్యం. ఆ సర్వర్‌లో లొకేల్, అంటే ఏ భాషను ఏ సంకేత పద్ధతిలో చూపాలో చెప్పే సెట్టింగు, యూటీఎఫ్-8కి పెట్టలేదు, అంతే. ఒక్క వరుస సెట్టింగుతో పోయే దానికి ఊరంత ఫైళ్ల పేర్లు చెరిపేశారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

తెర మీద తెలుగు చెదిరిందంటే అది ఒకే జబ్బు కాదు, నాలుగు వేరువేరు జబ్బులు. అంకెలో ప్రశ్నార్థకాలో కనిపిస్తే లొకేల్ లోపం. సర్వర్‌కు దూరం నుంచి కలిసేవాళ్లు ఇటు మెషిన్‌లోనూ అటు మెషిన్‌లోనూ చూసుకోవాలి. ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదు. నోటో సాన్స్ తెలుగు లాంటిది వేసుకుంటే పోతుంది. అక్షరాలు వచ్చి, వత్తులు విడివిడిగా పడుతుంటే ఆ టెర్మినల్ తెరను గడులుగా విడగొట్టి ఒక్కో గడినీ విడిగా గీస్తోంది, అక్షరాన్ని కూర్చడం లేదు. అన్నీ బాగున్నట్టే ఉండి కర్సర్ మాత్రం తప్పుచోట నిలబడితే, వెడల్పు లెక్కలో తేడా ఉంది. ఈ నాలుగింటికీ "తెలుగు వద్దు" అనేదే మందు అనడం, జ్వరానికీ విరిగిన కాలికీ ఒకే మాత్ర ఇవ్వడం లాంటిది.

నాలుగో జబ్బు దగ్గర కాస్త ఆగాలి. అసలు వివాదం అక్కడే ఉంది. మా పేట పేరే తీసుకోండి: లాలాగూడ. చదివేవాళ్లకు 4 అక్షరాలు. యూనికోడ్‌లో 7 సంకేతాలు. ఫైల్లో 21 బైట్లు. మరి తెర మీద ఎన్ని గడులు? విరివిగా వాడుకలో ఉన్న పాత వెడల్పు పట్టిక ప్రకారం 5. దీర్ఘానికీ గుడికీ ఆ పట్టిక విడిగా చోటివ్వదు, కొమ్ముకు మాత్రం ఒక గడి ఇస్తుంది. అందుకే దాని లెక్కలో "కి" ఒక గడి, "కు" రెండు గడులు. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి మూడు గడులు. ప్రోగ్రాము ఒక లెక్క వేసి, టెర్మినల్ ఇంకో లెక్కతో గీస్తే వరుసలు చెదరక ఏమవుతాయి? ఇందులో లిపి చేసిన నేరం ఏముంది?

ఆ గడుల కొలత ఎక్కడిది? 1928లో ఐబీఎం తెచ్చిన చిల్లుల కార్డుకు 80 నిలువు వరుసలు. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ తెచ్చిన వీటీ-100 తెరకు అవే 80 వరుసలు, 24 పంక్తులు. గడికో ఇంగ్లీషు అక్షరం. సికింద్రాబాద్ వాళ్లకు ఈ చిక్కు కొత్త కాదు. మన స్టేషన్లో 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్, 1,000 మిల్లీమీటర్ల మీటర్‌గేజ్ ఏళ్ల తరబడి పక్కపక్కనే ఉండేవి. మన్మాడ్ వైపు నుంచి మీటర్‌గేజ్ మీద వచ్చిన బండి బ్రాడ్‌గేజ్ ఎక్కలేకపోయేది. బండి చెడ్డదని ఎవరైనా అన్నారా? ప్రయాణికులను రావద్దన్నారా? 1992లో యూనిగేజ్ పథకం పెట్టి పట్టాలనే మార్చారు. టెర్మినల్ ప్రపంచమూ ఇతరుల కోసం పట్టాలు మార్చింది. చైనా, జపాన్ అక్షరాలకు రెండేసి గడులు ఇచ్చింది. నిన్నగాక మొన్న వచ్చిన ఎమోజీలకూ ఇచ్చింది. నవ్వు ముఖానికి దొరికిన చోటు మన కొమ్ముకూ వత్తుకూ సరిగ్గా దొరకకపోవడానికి కారణం గట్టిగా అడిగేవాళ్లు తక్కువ కావడమే.

తెలుగు వల్ల మెషిన్ నెమ్మదిస్తుందన్నది రెండో ఆరోపణ. దీన్ని తేల్చడానికి నిమిషం చాలు. నెమ్మదిగా నడుస్తున్న కమాండు అవుట్‌పుట్‌ను తెర మీదికి రానివ్వకుండా నల్ పరికరానికి మళ్లించండి. అప్పుడు చకచకా ముగిస్తే ఆలస్యం తెర గీయడంలో ఉంది. అప్పటికీ నత్తనడకే అయితే తప్పు డిస్కుదో, నెట్‌వర్కుదో, కమాండుదో. ఎంటర్ కొట్టిన ప్రతిసారీ ప్రాంప్టు ఆలస్యంగా వస్తోందా? అందులో ఇరికించిన గిట్ తనిఖీ తీసి చూడండి. టెర్మినల్ తెరుచుకోవడమే ఆలస్యమా? స్టార్టప్ ఫైళ్లు చదవకుండా షెల్ తెరిచి చూడండి. పెద్ద జాబితాలను వరుసలో పెట్టేటప్పుడు యూటీఎఫ్-8 లొకేల్‌లో కొంత ఎక్కువ సమయం పడుతుంది, నిజమే. కానీ ఇంగ్లీషు యూటీఎఫ్-8 లొకేల్‌లోనూ అంతే. కారణం భాషలవారీ వరుసక్రమం లెక్క. ఆ ఒక్క కమాండుకు సీ లొకేల్ ఇస్తే వేగం వస్తుంది, ఫైళ్లలోని తెలుగుకు ఏమీ కాదు.

మూడో వాదన మెత్తగా వస్తుంది: "టెర్మినల్ కొద్దిమంది ఇంజనీర్లది, రోమన్ లిపిలో రాసుకుంటే పోలేదా?" కొద్దిమందిది కాదు. రిజర్వేషన్ కోసం రైల్వే సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ తయారుచేసిన కన్సర్ట్ వ్యవస్థ 1994 సెప్టెంబరులో మొట్టమొదట నడిచింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్‌కల్లా ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలతో కలిసింది. కౌంటర్ల దగ్గర బారులు తీరిన జనానికి బెర్తులు ఇచ్చింది అక్షరాల తెరలే. ఇక రోమన్ లిపి అంటారా, అందులో కలకూ కళకూ ఒకటే రూపు. వేల పేర్లలో ఒక మనిషిని వెతకాల్సిన చోట అది సర్దుబాటు కాదు, నష్టం.

దారి లేకపోతే సర్దుకోమనడం వేరు. దారి ఉంది. ఎమ్‌ఎల్‌టర్మ్ భారతీయ లిపుల కూర్పును దృష్టిలో పెట్టుకున్న టెర్మినల్. ఈమాక్స్ విండోలో షెల్ తెరిస్తే వత్తులు కుదురుగా కూర్చుంటాయి. మిగతావాటిలో చెదిరితే ఆ చెదిరిన పదాన్ని, అది ఆక్రమించిన గడులను, టెర్మినల్ పేరునూ వెర్షన్‌నూ రాసి తయారుచేసేవాళ్లకు పంపాలి. సిక్ మార్క్ అంటే అదే. లోపం రాయని బండిని ఏ ఫిట్టరూ బాగుచేయలేడు.

ఈ రాత్రి మీ టెర్మినల్ తెరిచి "లాలాగూడ" అని టైపు చేయండి. కర్సర్ ఎక్కడ ఆగిందో చూడండి. అక్షరం పక్కనే ఆగకపోతే, ఆ ఖాళీ ఎన్ని గడులో లెక్కపెట్టి రాసుకోండి. బాగుచేయాల్సింది ఆ ఖాళీని.