టిక్కెట్టు సరే, మెట్టు మాటేమిటి?

ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి అమల్లోకి వచ్చింది. కూలికీ, చదువుకీ, ఆస్పత్రికీ, పుట్టింటికీ ఎవరి ముందూ చెయ్యి చాచకుండా వెళ్లి రాగలగటం చిన్న సంగతి కాదు. ఆడవాళ్లు పనిలేక తిరుగుతున్నారని ఎద్దేవా చేసిన వాళ్లకు మనం గట్టిగానే జవాబు చెప్పాం. స్త్రీల రాకపోకలకు ప్రభుత్వం ఖర్చు పెట్టటం దయ కాదు, బాధ్యత అన్నాం. ఆ మాటకు కట్టుబడే ఇప్పుడు మరో ప్రశ్న వేసుకోవాలి. బస్సు ఎక్కలేని స్త్రీ సంగతేమిటి?

మోకాళ్లు అరిగిపోయిన ముసలి కూలీ స్త్రీకి, పోలియో కాలితో కర్ర ఊతంగా నడిచే ఆమెకు, చూపు లేని ఆమెకు ఉచిత టిక్కెట్టు అందాలంటే ముందు బస్సు మెట్టు ఎక్కాలి. బస్సు ఊళ్లోకి రాకపోతే మెయిన్ రోడ్డు దాకా నడవాలి. అక్కడ నీడా, మరుగుదొడ్డీ ఉండాలి. ఇవేవీ లేనప్పుడు ఆటో మాట్లాడుకోవాలి, వెంట ఒక మనిషి రావాలి. ఆ మనిషి చాలాసార్లు కూతురో కోడలో అవుతుంది, ఆ రోజు కూలి పోగొట్టుకుంటుంది. ప్రభుత్వం పెట్టని ఖర్చు మాయమైపోదు. అది మరో స్త్రీ శ్రమగా మారి, ఎవరి లెక్కల్లోకీ రాకుండా పోతుంది. ఆమెకు కుదరని నెలలో ముసలామెకు మందులు లేనట్టే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. వారిలో స్త్రీలు 1.18 కోట్లు. అరవై దాటిన 10 కోట్ల పైచిలుకు జనంలో సగం కన్నా ఎక్కువ మంది స్త్రీలే. వీళ్ల కోసం ప్రభుత్వ వాహనం ఎప్పుడు కదులుతుంది? ప్రాణం మీదికి వస్తే 108 వస్తుంది. కాన్పు అయితే తల్లినీ బిడ్డనీ ఇంటికి చేర్చటానికి 102 వస్తుంది. తల్లిగా ఉన్నంతకాలమే స్త్రీ ప్రయాణం ప్రభుత్వానికి కనిపిస్తుందన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మంచిదే. అయితే అన్నీ గడప దగ్గరికే తెస్తామనే పాలన, ఆమె గడప దాటవలసిన అవసరమే లేదనుకునే ప్రమాదం ఉంది. గ్రామసభకు రావటం, సంతకు పోవటం, చెల్లెల్ని చూసి రావటం కూడా ఆమె హక్కులే కదా?

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్, బస్టాపులనూ వాహనాలనూ వికలాంగులకు అనువుగా మార్చమనటమే కాదు, అందుబాటు ఖర్చులో వ్యక్తిగత ప్రయాణానికి తోడ్పడే పథకాలు పెట్టమంటుంది. 37వ సెక్షన్ స్థానిక సంస్థల పేరెత్తి మరీ, పేదరిక నిర్మూలన, అభివృద్ధి పథకాల్లో చట్టం నిర్దేశించిన స్థాయి వైకల్యం ఉన్నవారికి 5 శాతం కేటాయించాలనీ, అందులో స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలనీ చెబుతుంది. రాజ్యాంగం 11వ షెడ్యూలు వికలాంగుల సంక్షేమాన్ని పంచాయతీల పనుల్లో చేర్చింది. 12వ షెడ్యూలు వారి ప్రయోజనాల రక్షణనూ, బస్టాపులనూ మునిసిపాలిటీల పనుల్లో చేర్చింది.

నిధులు లేవంటారు. నిజమే, పన్నుల వాటా సరిగ్గా రాక, వచ్చింది కరెంటు బిల్లులకే చాలక పంచాయతీలు ఇబ్బంది పడుతున్నాయి. కానీ 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన ప్రధాన గ్రాంటులో 40 శాతాన్ని, జీతాలకూ కార్యాలయ ఖర్చులకూ తప్ప, ఊరి అవసరాలకు వాడుకోనిచ్చింది. తెలంగాణలో 2019లో మొదలైన పల్లె ప్రగతిలో చెత్త ఎత్తటానికి గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు సమకూరాయి. చెత్తను ఊరు దాటించటానికి దొరికిన దారి, మనిషిని ఆస్పత్రికి చేర్చటానికి దొరకదా? కేరళలో పాలియేటివ్ సంరక్షణ విధానం వచ్చిన 2008 తర్వాత, మంచం పట్టినవారి ఇళ్లకు నర్సును పంపే ఖర్చూ, ఆ వాహనం ఖర్చూ పంచాయతీలు భరిస్తున్నాయి. అంటే కొరత డబ్బు ఒక్కదానిదే కాదు, ఎవరి అవసరం ముందు అన్న నిర్ణయానిది.

మన కోరికలు పెద్దవేమీ కావు. వారానికి రెండు రోజులు ఊళ్లోని ఆటోనే పంచాయతీ ఖర్చుతో మాట్లాడి వృద్ధులనూ వికలాంగులనూ మండల కేంద్రానికి తీసుకెళ్లాలి. వెంట వచ్చే మనిషికి ఆ రోజు కూలి కట్టివ్వాలి. కొత్తగా కొనే ప్రతి బస్సూ అందరూ ఎక్కగలిగేదై ఉండాలి. పంచాయతీ ప్రణాళిక తయారయ్యే గ్రామసభలో ఈ పద్దు రాయించాలి. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం సీట్లు స్త్రీలవి. ఆ సర్పంచులతో, కౌన్సిలర్లతో మాట్లాడవలసింది మనమే.

ఆ పని మొదలుపెట్టే ముందు ఒకసారి మన సమావేశాల వైపు కూడా చూసుకుందాం. మేడ మీద హాలు, లిఫ్టు ఉండదు, సాయంత్రం ఆరింటికి సభ. వికలాంగ స్త్రీలు మన ఉద్యమంలోకి ఎందుకు రావటం లేదని ఇంకా అడుగుతూనే ఉన్నాం. వాళ్లు రాకపోవటం కాదు, రావటానికి మనం దారి ఉంచలేదు. వచ్చే సభ కింది అంతస్తులో, పగటిపూట పెట్టుకుందాం. వాళ్ల ఆటో ఖర్చు మన బడ్జెట్టులో మొదటి పద్దుగా రాద్దాం.