అవురుపల్లి అప్పుల లెక్క

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో చేరాలని 2009 నుంచీ యూజీసీ నిబంధన ఉంది. బాగానే ఉంది. మరి ఆ గ్రంథానికి ఆధారమైన ప్రశ్నావళులు, ఎక్సెల్ షీట్లు ఏమవుతున్నాయి? కట్టలు గైడు గారి బీరువా మీదికి, ఫైళ్లు స్కాలర్ పాత లాప్‌టాప్‌లోకి. పేర్లు ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘సార్ చూసింది’. తెరిచి చూస్తే ఒక వరసలో 1, 2, 9 అని ఉంటాయి. 9 అంటే తొమ్మిది ఎకరాలా, జవాబు చెప్పలేదనా? తెలిసినవాడు ఉద్యోగం దొరికి ఎప్పుడో వెళ్లిపోయాడు.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. 516 పరిశోధన పత్రాల రచయితలను డేటా అడిగి చూసిన అధ్యయనం ఒకటి 2014లో ‘కరెంట్ బయాలజీ’లో వచ్చింది. పత్రం వయసు ఏడాది పెరిగితే డేటా దొరికే అవకాశం 17 శాతం చొప్పున పడిపోతోందట.

హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరులో దీనికి విరుగుడు ఉంది. 1975లో అక్కడి ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ పాత మహబూబ్‌నగర్ జిల్లా అవురుపల్లి, దోకూరులతో పాటు మహారాష్ట్రలో మరికొన్ని ఊళ్లను ఎంచుకుంది. ఊరికి 40 ఇళ్లు: కూలీలవి పది, చిన్న, మధ్య, పెద్ద రైతులవి పదేసి. రాసేవాళ్లు ఊళ్లోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకోసారి గడపగడపా తొక్కారు. చేలో ఏం వేశారు, కూలి ఎంతిచ్చారు, ఎవరి దగ్గర ఎంత అప్పు తెచ్చారు, అన్నీ ఒకే పద్ధతిలో రాశారు. ఆ క్రమశిక్షణ వల్లే ఆ లెక్కలు పరాయివాళ్లకూ అర్థమయ్యాయి. ఒక ఇంటి రాబడి పడిపోతే తిండీ అంతే పడిపోతుందా, ఊరు ఆదుకుంటుందా అని ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో పరీక్షించి చూసింది వీటితోనే. లెక్కలు రాసింది ఆయన కాదు.

ఆ క్రమశిక్షణ పని మొదలుకాకముందే రావాలి. అమెరికా ప్రభుత్వ పరిశోధన నిధి సంస్థల్లో ఎన్‌ఎస్‌ఎఫ్ 2011 నుంచి, ఎన్‌ఐహెచ్ 2023 నుంచి నిధులిచ్చే ముందే డేటాను ఎలా దాచి, ఎలా పంచుతారో ప్రణాళిక అడుగుతున్నాయి. మనమూ అడగాలి. అయితే కాగితం ఒక్కటే అడిగితే పాత ప్రాజెక్టు నుంచి కాపీ కొట్టి పెడతారు, మనవాళ్ల సంగతి తెలియంది కాదు. డేటా సర్దే మనిషికి బడ్జెట్‌లో జీతం చూపించాలి. ‘ముందు మా పేపర్ రానివ్వండి’ అనే స్కాలర్ మాటలో న్యాయముంది. ఏడాదో రెండేళ్లో గడువు ప్రణాళికలోనే రాసుకోవచ్చు.

నాకు పట్టింపు ఉన్నది సర్వేకు జవాబులు చెప్పినవాళ్ల విషయంలో. తన అప్పు ఎంతో పొరుగువాడికే చెప్పని రైతు సర్వేవాళ్లకు చెబుతాడు. పేరు తీసేస్తే సరిపోతుందనుకుంటారు. నలభై ఇళ్లలో పద్దెనిమిది ఎకరాలు, రెండు బావులు, ఫలానా కులం అని ఉంటే ఆ ఇల్లెవరిదో ఊళ్లో చిన్నపిల్లాడూ చెబుతాడు. ఏ వరసలు అందరికీ ఇవ్వాలి, ఏవి వాడుకునేవాళ్ల దగ్గర మాట తీసుకున్నాకే ఇవ్వాలి అన్నది మొదటి ఇంటి తలుపు తట్టకముందే తేలాలి. రైతు దగ్గర సంతకం తీసుకునే కాగితం మీద ఆ సంగతి తెలుగులో ఉండాలి, ఆయనకు చదివి వినిపించాలి.

— పరిశీలకుడు