సోసన్ పూవు, మన నల్లరేగడి

ఎమ్మిగనూరు నుండి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. కాశ్మీరు వెళ్లివచ్చిన బంధువులు తెచ్చిన సోసన్ దుంపను వాకిట నాటితే వానలకు కుళ్లిపోయిందట. “తాగే నీటికే తిప్పలు పడుతుంటే పూలకు పోస్తావా?” అని అత్తగారు మందలించారట. మరొక దుంప తెప్పించి, కుమారునిచేత భర్త సమాధి వద్ద నాటించవచ్చునా అని ఆమె ప్రశ్న. అత్తగారూ కొడుకును కోల్పోయినవారే. ఆ మందలింపులో నీటి బాధ ఒక్కటే ఉన్నదని మేము అనుకోము.

కాశ్మీరు ఖబరస్తాన్‌లలో తెల్లని, నీలి సోసన్‌లు విరివిగా పూస్తాయి. యెమన్, సౌదీ ప్రాంతపు తెల్ల సోసన్‌కు విత్తనమే కట్టదు. సమాధులపై నాటేందుకు ముస్లింలు చేతులతో మోసుకుపోగా అది స్పెయిన్ వరకు చేరింది. అయితే కాశ్మీరు సోసన్‌కు శీతకాలపు చలి తగలనిదే మొగ్గ రాదు. దుంప వీపు ఎండకు కనబడుతూ ఉండవలెను, అడుగున నీరు నిలువరాదు. ఆదోని, ఎమ్మిగనూరు రేగడి ఒకసారి తడిస్తే నీటిని వదలదు. కనుక మరొకటి తెప్పించడం వృథా.

మన ఎండలకు తట్టుకునే చుట్టం ఒకటున్నది. నారింజరంగు రేకులపై చిరుత మచ్చలవంటి ఎర్రని చుక్కలు. నర్సరీలలో లెపర్డ్ లిల్లీ అంటారు. 2005లో శాస్త్రజ్ఞులు దీనిని ఐరిస్, అనగా సోసన్ జాతిలోనే చేర్చారు. ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి జానెడు ఎత్తు గట్టు కట్టి, దుంపను అంగుళం లోతున నాటవలెను. ఒక్కొక్క పూవు ఒక్క రోజే ఉండి సాయంత్రానికి మెలితిరిగి ముడుచుకుంటుంది, మరునాడు మరొకటి. కాయ పగిలితే నల్లని గింజల గుత్తి పండులా కనబడుతుంది. మొక్క విషపూరితం, పసిపిల్లలను దూరంగా ఉంచండి.

నీటి విషయంలో అత్తగారి మాట సబబే. పారే నది ఒడ్డున కూడా వుజూలో దుబారా వలదన్న బోధ మనకున్నది. వుజూ చేసిన నీటిని పళ్లెంలో పట్టి పోయండి. వేరొక బిందె అక్కరలేదు.

ఇక సమాధి మాట. దైవప్రవక్త (స) పచ్చి ఖర్జూరపు మట్టను చీల్చి రెండు సమాధులపై నాటిన ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. అది ఆయనకే ప్రత్యేకమని కొందరు పండితులు, ఇతరులూ చేయవచ్చునని కొందరు చెప్పారు. ఈ భేదంలో తగవు పెట్టుకోవలసినది లేదు. మా మట్టుకు, నీరుపోసే దిక్కులేని చోటకంటె ఇంటి వాకిలే మేలనిపిస్తుంది. దుఆ అక్కడినుండీ చేరుతుంది.

గింజ నాటితే సాధారణంగా రెండవ ఏటికి పూవు వస్తుంది. మూడు నాలుగేళ్లకు దుంపలు గుంపు కడతాయి. అప్పుడు విడదీసి, మొదటి ముక్కను అత్తగారి చేతనే నాటించండి.