రిజర్వు అంటే ఎవరికి మంట?

రైల్లో సీటు రిజర్వు చేయించుకుంటే ముందుచూపు. 1927 అటవీ చట్టం కింద గీత గీసి కోయోళ్లని గెంటితే రిజర్వు ఫారెస్టు. దేశం డబ్బుకి రిజర్వు బ్యాంకు, జనం మీద లాఠీకి రిజర్వు పోలీసు. ఇన్నిచోట్ల ఈ ఇంగ్లీషు మాటకి మచ్చ లేదు. మాల మాదిగ పిల్లోడు కాలేజీ గడప తొక్కితేనే 'మెరిట్ చచ్చింది' అని గుండెలు బాదుకుంటారు!

అయ్యా, గర్భగుడి ఎవరికి రిజర్వు? మురిక్కాలవలో దిగే పని ఎవరికి రిజర్వు? ఊరవతల వాడ, హోటల్లో వేరే గ్లాసు ఏ జీవో ఇచ్చిన కోటా? తరతరాలుగా నూటికి నూరుపాళ్లు నడిచిన రిజర్వేషన్ మీది కాదా?

1902లో కొల్హాపూర్‌లో సాహు మహరాజు సగం ఉద్యోగాలు వెనకబడ్డ కులాలకు కేటాయించాడు. రాజ్యాంగంలో 16(4) అదే బాటలో వచ్చింది. కేంద్ర ఉద్యోగాల్లో మన వాటా 15 శాతం. 2019లో 103వ సవరణతో, ఏడాదికి 8 లక్షలలోపు ఆదాయమున్న అగ్రకులాలోళ్లకి 10 శాతం ఇచ్చారు. అందులో మన పేదోళ్లకి చోటు లేదు. 1990లో మండల్ మీద రోడ్డెక్కిన జనం ఆనాడు ఏ మూల దాక్కున్నారు?

అన్నలారా, అక్కలారా! రిజర్వేషన్ బిచ్చం కాదు, వాటా. ఎవడన్నా వెక్కిరిస్తే తల దించొద్దు. 'ముందు నీ రిజర్వేషన్ లెక్క చెప్పు' అని నిలదీయండి.

జై భీమ్!